మార్కుల పట్టీలో లేని సున్నా

ఆ ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల సెక్షను వాళ్లకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆవిడ సున్నా మేడమ్. ఎదురుపడితే మేడమ్ అనేవాళ్లు, పక్కకు తిరిగి సున్నా అనేవాళ్లు, ఒళ్లు మండినప్పుడు రెండూ కలిపి అనేవాళ్లు. ఆ సంగతి ఆవిడకు తెలియక కాదు. బల్ల మీద పెట్టే పేరు పలక పాతబడి కొత్తది చేయించాల్సి వచ్చినప్పుడు, "ఎలాగూ అంటున్నారు కదా, అదే రాయించండి, అక్షరాలు కూడా తక్కువ" అని స్టోరు గుమస్తాతో అంది. గుమస్తా నీళ్లు నమిలాడు. ఆవిడ తన టీ తాను తాగింది.

నగరపాలక కార్యాలయంలో రెండో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమ పక్క గది. ప్రాధాన్యాల విభాగం అని తలుపు మీద బోర్డు. లోపల సగం తెరుచుకునే కిటికీ, దాని కింద గొళ్లెం ఊడిన బీరువా, తిరుగుతూ తిరుగుతూ మూలిగే ఫ్యాను. ఊళ్లో చెయ్యాల్సిన పనులు కొండంత, చెయ్యగలిగినవి గుప్పెడు. పగిలిన పైపు ముందా, కుంగిన వంతెన ముందా, బడి పైకప్పు ముందా అని తేల్చి, వరస కట్టి ఇవ్వడమే ఆ గదికి పని. లెక్కల్లో పెద్ద చదువు చదివి వచ్చి, జుట్టు సగం నెరిసేదాకా ఆవిడ ఆ గదిలోనే ఉంది.

పని చేసే తీరు వినడానికి తేలికే. పది విషయాలు ఒకేసారి ముందు పెట్టి ఏది ముఖ్యమని అడిగితే ఎంతటివాడైనా తెల్లమొహం వేస్తాడు. అందుకని రెండేసి చొప్పున అడగాలి. ఖర్చు ముఖ్యమా, మన్నిక ముఖ్యమా? ఎన్ని రెట్లు? మన్నిక ముఖ్యమా, నీళ్లు ముఖ్యమా? ఎన్ని రెట్లు? ఆ జవాబులన్నీ ఒక పట్టికలో పేర్చి లెక్క కడితే ఒక్కో విషయానికి ఎంత బరువుందో తేలుతుంది. మనిషి మాట మీద నిలబడ్డాడో లేదో కూడా ఆ పట్టికే చెప్పేస్తుంది. వీధి దీపాలకన్నా నీళ్లు ముఖ్యమని, నీళ్లకన్నా రోడ్లు ముఖ్యమని, రోడ్లకన్నా మళ్లీ దీపాలు ముఖ్యమని అన్న ఒక కమిటీ సభ్యుణ్ణి ఆవిడ కూర్చోబెట్టి, "సార్, మొదటి మాటకీ చివరి మాటకీ మధ్య మీరు టీ తాగారు, అంతేగా జరిగింది?" అని అడిగింది. ఆయన మళ్లీ మొదటినుంచీ జవాబులు చెప్పుకొచ్చాడు.

అంతవరకూ ఆవిడకు ఆ పద్ధతితో పేచీ లేదు. పేచీ అంతా ఆఖరి మెట్టు దగ్గరే. ఒక్కో ప్రతిపాదనకి ఒక్కో విషయంలో మార్కులు వేస్తారు, బరువుతో హెచ్చవేస్తారు, తర్వాత అన్నీ కూడేస్తారు. ఎక్కువ వచ్చింది ముందు. ఆ కూడిక అంటేనే ఆవిడకు కడుపు మంట. కూడికలో ఒక చోట పోయింది ఇంకో చోట పూడిపోతుంది. నీళ్లు లేని ఇంటికి గోడలు బాగున్నాయని మార్కులు వేసి ఆ లోటు పూడ్చేయొచ్చు. కొన్ని లోట్లు పూడవని, పూడకూడదని, అలాంటి చోట కూడటం కాదు గుణించాలని, ఒక్క సున్నా పడితే మిగతావి ఎంత గొప్పవైనా మొత్తం సున్నా కావాలని ఆవిడ వాదన. ఆ పేరు వచ్చింది ఇందుకే.

ఈ వాదన ఆవిడ పుస్తకంలో చదివి నేర్చుకుంది కాదు. పుస్తకంలో తర్వాత కనిపించింది.

పెళ్లయిన ఏడాదికి ఒక చిన్న పెట్టెతో పుట్టింటికి వచ్చేసింది. అప్పుడు ముందు గదిలో పెద్దలు కూర్చున్నారు. అల్లుడి మంచీ చెడూ తేల్చడానికి పెద్దమామయ్య చెయ్యి ముందుకు చాచి ఒక్కో వేలూ మడవడం మొదలుపెట్టాడు. "బ్యాంకులో ఉద్యోగం. సొంత ఇల్లు. తాగుడు లేదు. పెద్దలంటే గౌరవం. నిన్ను పై చదువు చదువుకోమన్నాడు కూడాను." పిడికిలి బిగిసింది. "ఇన్ని ఉన్నాయా లేదా? ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నాడు. ఆ ఒక్కటే కదమ్మా." పక్కన కూర్చున్న తల్లి కూడా ఆయనతో పాటు వేళ్లు మడుస్తూనే ఉంది. పిల్ల కాపురం నిలబడుతుందేమోనన్న ఆశ పాపం ఆ వేళ్లలో ఉంది.

"మామయ్యా, మీరు కూడుతున్నారు" అంది ఆవిడ. ఎడమ చెవికి ఇంకా సరిగా వినిపించడం లేదు.

"మరి లెక్కంటే కూడకేం చేస్తారే?"

"ఇక్కడ కూడకూడదు. ఆ సొంత ఇంట్లోనే కొట్టాడు. ఆ జీతం తెచ్చిన రోజే కొట్టాడు. తాగకుండానే కొట్టాడు. మీరు మడిచిన ప్రతి వేలిలోనూ ఆ ఒక్కటీ ఉంది."

"ఒక్కదాని కోసం అన్నీ వదులుకుంటావటే?" అంది తల్లి.

ఆవిడకి తల్లి మీద కోపం రాలేదు గానీ, ఆ మాట మాత్రం గుండెల్లో ముల్లులా దిగింది, చాలా ఏళ్లు దిగే ఉంది. మర్నాడే అదే పెట్టె పట్టుకుని మార్కెట్ దగ్గర ఉన్న ఉద్యోగినుల హాస్టల్‌కి వెళ్లిపోయింది. అక్కడ వార్డెనమ్మ మొహం చూసింది, చెవి చూసింది, ఏమీ అడక్కుండా కిటికీ పక్క మంచం ఇచ్చింది. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి, చీకటి పడ్డాక మార్కెట్ వీధిలోంచి నడిచి వచ్చేది. మందుల కొట్టు తెరిచి ఉండేది, దర్జీ మిషను మీద ఉండేవాడు, పళ్లమ్మే ఆవిడ "ఇవాళ లేటయిందేం అమ్మాయ్" అని అడిగేది. ఆ అడగడంలోనే తన ప్రాణానికి కాపలా ఉందని అప్పట్లోనే తెలుసుకుంది.

ఇప్పుడు ఆ హాస్టల్‌కే ముప్పు వచ్చింది. రోడ్డు వెడల్పు చెయ్యడంలో ఆ భవనం పోతుంది. అందులో ఉండేవాళ్లని ఎక్కడికి మార్చాలో తేల్చమని కాగితం సున్నా మేడమ్ బల్ల మీదికే వచ్చింది.

మిగిలినవి రెండే చోట్లు. ఒకటి ఊరి చివర కొత్తగా కట్టిన మూడంతస్తుల భవనం. అద్దె తక్కువ, గదులు ఎక్కువ, నీళ్లు పుష్కలం, గాలీ వెలుతురూ చెప్పనక్కర్లేదు, గోడలకి వేసిన రంగు వాసన ఇంకా పోలేదు. రెండోది మార్కెట్ వీధిలోనే ఒక పాత మేడ. మెట్లు ఇరుకు, అద్దె ఎక్కువ, కుళాయిలు మార్చాలి, వెనక గదుల్లో పగలు కూడా లైటు వెయ్యాలి. మొదటిదానికి ఒక్కటే లోటు. చీకటి పడితే అటు బస్సు లేదు. ఉన్న చివరి బస్సు దిగినా, గోడౌన్ల గోడ పొడుగునా ఒక్క కొట్టూ ఒక్క గుమ్మమూ లేని రోడ్డు మీద చాలా దూరం నడవాలి. హాస్టల్లో ఉండేది ఎవరు? ఆస్పత్రి నర్సులు, బట్టల కొట్లలో పనిచేసే అమ్మాయిలు, సినిమా హాల్లో టికెట్లు ఇచ్చే అమ్మాయి. ఒక్కళ్లు కూడా వెలుతురు ఉండగా ఇల్లు చేరేవాళ్లు కారు.

ఆవిడ హాస్టల్‌కి వెళ్లి వాళ్లని కూర్చోబెట్టి రెండేసి చొప్పున అడిగింది. గాలి ముఖ్యమా, చీకటి పడ్డాక రాకపోకలు ముఖ్యమా? రాకపోకలే. ఎన్ని రెట్లు?

నర్సు కాసేపు ఆలోచించింది. "రెట్లంటే ఎలా చెప్పనక్కా? లోపలికి చేరాక గదా గాలి సంగతి."

"పట్టికలో అంకె వెయ్యాలమ్మా."

"మీకెంత తోస్తే అంత వేసుకోండి. కానీ అక్కడికి మారిస్తే మాత్రం నేను ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోవాల్సిందే. నాకు వేరే దారి లేదు. దీని సంగతీ అంతే" అని టికెట్ల అమ్మాయిని చూపించింది. టికెట్ల అమ్మాయి చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తను ఒకప్పుడు ఏ ఊరికి వెళ్లలేక ఇక్కడికి వచ్చిందో సున్నా మేడమ్‌కి గుర్తుంది. ఈ పిల్లలు ఉద్యోగం మానేసి వెళ్లే ఇళ్లలో ఏ పెద్దమామయ్యలు వేళ్లు మడవడానికి కాచుకుని ఉన్నారో అనుకుంటే ఆవిడకి కోపం తన్నుకొచ్చింది.

కమిటీ మొదటిసారి కూర్చున్నప్పుడు ముగ్గురున్నారు. డైరెక్టరు, ఇంజనీరు, లెక్కల అధికారి. డైరెక్టరు చెడ్డవాడేం కాదు. త్వరగా తేలిపోవాలంటాడు, ఎవరూ నొచ్చుకోకూడదంటాడు, ఈ రెండూ కుదరనప్పుడు మొదటిదాన్నే పట్టుకుంటాడు. ఇంజనీరుకు కొత్త కట్టడం అంటే మోజు. లెక్కల అధికారి అవసరమైతే తప్ప నోరు విప్పని మనిషి, రూల్సు మాత్రం ఆవిడకి నోటికి వచ్చు.

కూడికలో కొత్త భవనం ఆమడ దూరం ముందుంది. సున్నా మేడమ్ లేచి నిలబడింది. "రాకపోకల దగ్గర దీనికి సున్నా వెయ్యాలి. కూడటం మానేసి గుణించాలి."

"సున్నా ఎక్కడ్నించి వస్తుంది మేడమ్? మన స్కేలు ఒకటి నుంచి పది" అన్నాడు డైరెక్టరు.

నిజమే. ఆ ఆఫీసు స్కేలులో సున్నా లేదు. ఎప్పుడో ఒక విభాగానికి దేంట్లోనో సున్నా పడితే, దాని అధిపతి అలిగి సెలవు మీద వెళ్లిపోయి, తిరిగొచ్చినా ఎవరితోనూ మాట్లాడక నానా యాగీ చేశాడట. అప్పట్నుంచి ఎవరి మనసూ కష్టపెట్టకూడదని సర్క్యులరు వేశారు. ఈ కార్యాలయంలో ఏ మార్కుల పట్టీలోనైనా కనీస మార్కు ఒకటి. దాంతో ఎండిపోయిన బావికి కూడా నీటి లభ్యతలో ఒక మార్కు వచ్చేది. కూలిపోయిన గోడకు మన్నికలో ఒక మార్కు వచ్చేది. ఆ ఊళ్లో ఏదీ పూర్తిగా పనికిమాలినది కాదు, కాగితం మీద. ఒకటితో దేన్ని గుణించినా ఆ సంఖ్య అక్కడే ఉంటుంది గనక, సున్నా లేకపోతే ఆవిడ గుణకారం కూడా కోరలు పీకిన పామే.

"పోనీ ఆ విషయానికి బరువు పెంచుకోండి. ఎవరొద్దన్నారు?" అన్నాడు ఇంజనీరు.

"ఎంత పెంచినా అది బేరమే అవుతుంది సార్. ఇంకో నాలుగు గదులు ఎక్కువ చూపిస్తే మళ్లీ కొనేస్తారు. నేను బేరానికి రాలేదు."

"రోడ్డు పొడుగునా దీపాలు పెడదాం."

"ఆ రోడ్డు దీపాలు మన పనుల వరసలో అట్టడుగున ఉన్నాయి. ఆ వరస కట్టింది నేనే, సంతకం పెట్టింది మీరే."

అప్పుడే టీ వచ్చింది. డైరెక్టరు కప్పులో ఈగ పడి ఉంది. ఆవిడ దాన్ని ఆయన ముందుకు జరిపింది. "పాలు చిక్కగా ఉన్నాయి. పంచదార సరిపోయింది. వేడిగా ఉంది. కప్పు కడిగిందే. ఈగ ఒక్కటే కదా సార్, కూడి చూడండి, మంచి మార్కులే వస్తాయి. తాగండి."

డైరెక్టరు తీరిగ్గా చెంచాతో ఈగను తీసి పక్కన పడేసి, టీ తాగేశాడు. "మా ఇంట్లో ఇలాగే తాగుతాం మేడమ్. పారబోసేంత గొప్పవాళ్లం కాదు." ఇంజనీరు పగలబడి నవ్వాడు. లెక్కల అధికారి కూడా నవ్వాపుకుంది. ఆ రోజుకు సున్నా మేడమ్ ఓడిపోయింది. ఓడిపోయి కూడా నోరు మూసుకోలేదు. "నడిచి వచ్చే పిల్లకి పక్కకి తీసి పారేసే చెంచా ఎవరిస్తారు సార్?" అంది. నవ్వు ఆగిపోయింది, డైరెక్టరు మొహం ఎర్రబడింది. నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.

ఆ ఎర్రబడ్డ మొహం ఊరికే పోలేదు. ఏడాదికోసారి ఉద్యోగులకి పనితీరు మార్కులు వేసే రోజులవి. ఆ ఏడు ఆవిడకి డిప్యూటీ డైరెక్టరు పదోన్నతి రావాల్సి ఉంది. వయసు చూస్తే అదే ఆఖరి అవకాశం. ఆ పదవి ఆవిడకు అక్కర్లేదనుకుంటే పొరపాటు. కావాలి, గట్టిగా కావాలి. రెండు కిటికీలున్న ఆ గది ముందు నుంచి వెళ్లినప్పుడల్లా లోపలికి తొంగి చూసేది, కుర్చీ ఎటు వేసుకోవాలో మనసులో సర్దుకునేది.

మార్కుల కాగితం కవరులో వచ్చింది. విషయ పరిజ్ఞానం, సమయపాలన, నిజాయితీ, పనిలో నాణ్యత, అన్నింట్లోనూ పైమార్కులే. పై అధికారులతో సహకారం అన్న గడిలో, నల్ల సిరాతో, పెన్ను కాగితంలోకి దిగేలా నొక్కి, గుండ్రంగా ఒక సున్నా. కింద డైరెక్టరు సొంత దస్తూరీలో రాసి ఉంది: "మిగతా అంశాల్లో ఎంత బాగున్నప్పటికీ ఈ ఒక్క కారణం వల్ల పదోన్నతికి సిఫార్సు చేయడం లేదు."

ఆవిడ ఒకసారి చదివింది. ఇన్నేళ్ల చాకిరీకి ఇదా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది. మూడోసారి చదివేసరికి నవ్వు మొదలైంది. ఆపుకోలేక బల్ల మీద తల వాల్చి నవ్వుతుంటే, పక్క గదిలోంచి యూనియన్ కార్యదర్శి కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆవిడకు అతను తోడబుట్టినవాడి లెక్క.

కాగితం చూసి అతను తల పట్టుకున్నాడు, తర్వాత అతని మొహం వెలిగింది. "అక్కా, ఇది చెల్లదు. సున్నా వేసే అధికారమే ఆయనకు లేదు. సర్క్యులరు ఉందిగా, కనీసం ఒకటి వెయ్యాలి. ఒకటి వేస్తే కూడికలో నువ్వే అందరికన్నా పైన. అప్పీలు నేను రాస్తాను, నువ్వు సంతకం పెట్టు చాలు. ఆయన మారు మాట్లాడలేడు."

"తెలుసురా."

"తెలిస్తే ఆలోచిస్తావేంటి?"

"అప్పీలు పెడితే ఏమని పెట్టాలి? ఈ ఆఫీసులో సున్నా లేదు అని నా చేత్తో నేనే రాసివ్వాలి."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూలబడ్డాడు. "పిచ్చి పని చెయ్యకక్కా. ముందు ఆ కుర్చీలో కూర్చో. కూర్చున్నాక స్కేలులో సున్నా కాదు, నీ ఇష్టం వచ్చింది పెట్టించుకో."

"నేను కుర్చీలో కూర్చునేసరికి హాస్టల్ ఊరి చివరికి పోతుంది. ఆ నర్సు ఉద్యోగం మానేసి ఊళ్లో ఉంటుంది."

"నీ బతుకు కూడా చూసుకోవాలిగా."

"అదే చూసుకుంటున్నా" అంది ఆవిడ. కాగితం కింద ఇంకా ఖాళీగా ఉన్న సంతకం చోటు మీద వేలు పెట్టింది. అక్కడ రెండు గడులున్నాయి. అంగీకరిస్తున్నాను, అభ్యంతరం ఉంది. ఏదో ఒకదాంట్లో సంతకం పెట్టాలి. అంగీకరిస్తున్నానని పెట్టాక మార్కులు ఎవరూ మార్చడానికి లేదు. ఆవిడ పెట్టకుండా కవరులోనే దాచింది.

ఇంట్లో తల్లికి చెబితే ఆవిడ గొడవ ఆవిడది. తల్లి ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటోంది, ఇద్దరివీ రెండు గదుల కాపురం, మాటలకి కొదవ లేదు. "నీకు సున్నా వేశాడా? చిన్నప్పుడు కూడా ఎవరూ వెయ్యలేదే. వాడి చేతులు పడిపోను. అప్పీలు పెట్టు. ఆ యూనియన్ అబ్బాయి చెప్పినట్టు విను, ఒక్కసారైనా ఎవరో ఒకరి మాట విను." ఆవిడ వింటూ గిన్నెలు తోమింది.

కమిటీ రెండోసారి కూర్చుంది. డైరెక్టరు తొందరలో ఉన్నాడు. "కొత్త విషయం ఏమీ లేదు కదా. మొన్నటి లెక్కే ఖాయం చేద్దాం."

"ఒక్కటుంది సార్" అని సున్నా మేడమ్ కవరు తీసి, కాగితం మడత విప్పి, ముగ్గురికీ కనిపించేలా బల్ల మధ్యన పెట్టింది.

డైరెక్టరు ఇబ్బందిగా కదిలాడు. "అది ఇక్కడ ఎందుకు? అది మీ సొంత విషయం. ఫిర్యాదు ఉంటే అప్పీలు చేసుకోండి."

"ఫిర్యాదు లేదు సార్. మెచ్చుకోవడానికే తెచ్చాను. మీరు నాకు నాలుగింట్లో పైమార్కులు వేశారు. కూడితే నేను ఎక్కడ ఉండాలి? అందరికన్నా పైన. కానీ మీరు కూడలేదు. ఈ ఒక్క లోటు వేరేవాటితో పూడదు అన్నారు. ఒక్క సున్నా వేసి మొత్తం కొట్టేశారు. మీ చేత్తో రాశారు కూడా, చదవమంటారా? ఇన్నేళ్లుగా నేను గొంతు చించుకుని చెబుతున్న పద్ధతి ఇదే. నాకన్నా బాగా చెప్పారు మీరు."

ఇంజనీరు కాగితం మీదికి వంగి చదివాడు.

"మన సర్క్యులరు ఏ మార్కుల పట్టీలోనైనా అని చెబుతోంది" అంది సున్నా మేడమ్. "మనుషులకి వేరే స్కేలు, భవనాలకి వేరే స్కేలు లేదు. అయితే ఈ ఆఫీసులో సున్నా ఉందన్నా అనాలి, మీరు వేసింది చెల్లదన్నా అనాలి. ఏదో ఒకటి ఇప్పుడే చెప్పండి."

డైరెక్టరు గొంతు మెత్తబడింది. "చూడండి మేడమ్. కోపంలో వేశాను. తప్పే. ఇలా ఇవ్వండి, ఇప్పుడే ఒకటి చేసి సంతకం పెడతాను. మీ పదోన్నతి మీకు వస్తుంది. నాకు మీ పని మీద గౌరవమే ఉంది." చెయ్యి చాచాడు. అబద్ధం చెప్పడం లేదని ఆవిడకు తెలుసు. అందుకే ఆ క్షణం ఇంకా కష్టమైంది. రెండు కిటికీల గది కళ్ల ముందు మెదిలింది. ఎటు వేసుకోవాలో అనుకున్న కుర్చీ మెదిలింది. కాగితం అటు జరిపితే చాలు, ఈ లోకంలో ఆవిడను తప్పు పట్టేవాళ్లు ఒక్కరూ లేరు.

ఆవిడ కాగితాన్ని తన వైపు లాక్కుంది. పెన్ను మూత తీసి, అంగీకరిస్తున్నాను అన్న గడిలో, పూర్తి పేరుతో, ఎవరూ గుర్తు పెట్టుకోని ఆ అసలు పేరుతో, సంతకం పెట్టింది.

"ఏం చేశారు మీరు?" అన్నాడు డైరెక్టరు.

"ఒప్పుకున్నాను సార్. నాకు వచ్చింది సున్నా. అది న్యాయమని కాదు, అది ఉందని ఒప్పుకున్నాను."

"ఇవ్వండి, కొట్టేసి మళ్లీ వేస్తాను."

అప్పుడు లెక్కల అధికారి నోరు విప్పింది. "సంతకం అయ్యాక దిద్దకూడదు సార్. ఆ రూలు పోయిన ఏడాది మీరే పెట్టారు." కళ్లజోడు తీసి తుడుచుకుని, "సున్నా ఉన్నట్టే ఇక. మినిట్స్‌లో రాస్తున్నాను" అంది.

"రాకపోకల్లో కొత్త భవనానికి ఎవరు వేస్తారు మరి?" అని ఇంజనీరు నెమ్మదిగా అడిగాడు.

"నేను వేస్తాను. పక్కన నా పేరు కూడా రాయండి. ఎవరైనా అలిగితే నా మీదే అలగమనండి." పట్టీ దగ్గరికి లాక్కుని, ఆ గడిలో సున్నా చుట్టింది. పెన్ను నొక్కాల్సిన పని రాలేదు. గుణిస్తే కొత్త భవనం, దాని గదులు, నీళ్లు, గాలి, వెలుతురు, రంగు వాసన, అన్నీ కలిసి సున్నా అయ్యాయి. ఇరుకు మెట్ల పాత మేడ మిగిలింది. డైరెక్టరు చాలాసేపు ఆ పట్టీ వంకే చూసి, సంతకం పెట్టాడు. లేస్తూ, "మీ కాగితం అలాగే ఉండిపోతుంది, తెలుసుగా?" అన్నాడు.

"ఉండనివ్వండి సార్. అది పోతే ఇదీ పోతుంది."

సాయంత్రం ఆవిడ మార్కెట్ వీధిలోంచి నడిచి ఇంటికి వెళ్లింది. దారిలో హాస్టల్లో ఆగి వార్డెనమ్మకి చెప్పింది. అప్పటి వార్డెనమ్మ కాదు, కొత్తావిడ. ఆవిడ సంతోషించి, వెంటనే కుళాయిలు ఎప్పుడు మారుస్తారని నిలదీసింది. నర్సు డ్యూటీకి బయల్దేరుతూ మెట్ల మీద ఎదురై, "అయితే నేను ఊరెళ్లక్కర్లేదా అక్కా?" అంది. "వద్దు. వెళ్లి డ్యూటీ చేసుకో" అంది ఆవిడ. గబగబా దిగిపోయింది.

ఇంట్లో తల్లి కంచం పెట్టి కూర్చుంది. మొహం చూస్తూనే అడిగింది. "ఏమన్నాడు?"

"ఒకటి చేస్తానన్నాడు."

"మరింకేం, ప్రమోషన్ వచ్చినట్టేగా."

"నేను ఒప్పుకోలేదమ్మా. సున్నాకే సంతకం పెట్టాను. హాస్టల్ మార్కెట్ వీధిలోనే ఉంటుంది."

తల్లి చేతిలో గరిటె కింద పెట్టింది. ఇక తిట్లు మొదలవుతాయని ఆవిడ తనే ముందు అందుకుంది. "నువ్వనేది నాకు తెలుసు. పెద్ద గది పోయింది." చూపుడు వేలు మడిచింది. "హోదా పోయింది." ఇంకో వేలు మడిచింది. "జీతం పెరిగేది, పెరగదు. పెన్షన్ పెరిగేది, అదీ లేదు. నలుగురిలో..."

తల్లి ముసలి చెయ్యి వచ్చి ఆ పిడికిలి మీద పడింది. మడిచిన వేళ్లని ఒక్కొక్కటే పట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. చూపుడు వేలు, మధ్య వేలు, తొందరేమీ లేకుండా, అన్నీ విప్పి, అరచెయ్యి తెరిచి తన ఒళ్లో పెట్టుకుంది.

"ఆ రోజు మీ మామయ్య మడుస్తున్నప్పుడు చెయ్యాల్సింది ఈ పని" అంది. "నేను కూడా మడుస్తూ కూర్చున్నాను."